నేను రాస్తే ఓడిపోయే జట్టు

ఒక సంగతి సూటిగా అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. పొద్దున కాఫీ తాగుతూ పేపరు జోన్ పేజీలో, అదే చుట్టుపక్కల ఊళ్ల వార్తల పేజీలో, "ఘన విజయం" అని కాలేజీ ఆటల వార్త చదువుతారే, అది ఆట అయిపోయాక రాసిందని మీరు నిజంగా నమ్ముతున్నారా?

నమ్మితే మీరు చాలా మంచివారు. మీలాంటివాళ్ల మీద ఆధారపడే నా వృత్తి ఇన్నేళ్లు నడిచింది. ఆ వార్త తయారయ్యే సమయానికి గెలిచిన జట్టు ఇంకా హాస్టల్లో ఉప్మా తింటూ ఉంటుంది. రాసే మనిషి స్టాఫ్ రూములో ఫ్యాను కింద కూర్చుని "చివరి క్షణం వరకు ఉత్కంఠభరితంగా సాగిన పోరులో" అని ఫోనులో టైపు చేస్తూ ఉంటుంది. ఆ మనిషిని నేనే.

నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఉండేది జగ్గయ్యపేట. రోజూ హైవే మీద బస్సులో రాకపోకలు. మా నాన్న నన్ను చిన్నప్పుడు తిరునాళ్లకి బదులు సంస్కరణ సభలకి తీసుకెళ్లేవాడు. ముందు వరసలో కూర్చోబెట్టి, వక్త తప్పు మాట్లాడితే లేచి అడగమనేవాడు. ఆ అలవాటు వదల్లేదు. కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ, ఇంటి ముందు దిష్టి గుమ్మడికాయ, ప్రయాణంలో తుమ్ము, వీటి మీద పత్రికలకి వ్యాసాలు రాసి సగం బంధువుల్ని దూరం చేసుకున్నాను. మిగతా సగం మంది చదవరు.

ఆ వ్యాసాల వల్లే నాకు ఈ పదవి వచ్చింది. ఒకరోజు మా కాలేజీ యజమాని, అంటే కరస్పాండెంట్ గారు, పిలిపించారు.

"మేడం, మీరు పేపర్లకి రాస్తారటగా?"

"రాస్తానండి."

"దేని మీద?"

"మూఢనమ్మకాల మీద."

"బావుంది. ఇకనుంచి కబడ్డీ మీద రాయండి."

అలా నేను క్రీడా సమాచార విభాగానికి అధిపతినయ్యాను. తలుపు మీద బోర్డు కూడా పెట్టారు. తలుపు వెనక విరిగిన క్యారమ్ బోర్డులు, మొన లేని జావెలిన్, నేను. విభాగమంటే అంతే. కబడ్డీ గురించి నాకు తెలిసిందల్లా ఊపిరి పట్టి కూత పెడుతూ అవతలి కోర్టులోకి వెళ్లాలని. రెండోరోజు మా అమ్మాయిల్ని "కోర్టు అంటే ఏ కోర్టు?" అని అడిగాను. వాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

నాకు ఈ విద్య నేర్పింది నందిగామ విలేకరి. బైకు, బైకుకి వేలాడే సంచి, ఆ సంచిలో ఊరంతా. నా మొదటి వార్త పట్టుకెళితే చదివి కళ్లజోడు తీసేశాడు.

"మేడం, 'ఓడిపోయారు' అని రాసారేంటండీ?"

"ఓడిపోయారు కనక."

"ప్రైవేటు కాలేజీలు ఓడిపోవండీ. 'చక్కటి ప్రతిభ కనబరిచారు' అని రాస్తాం."

"మరి చిత్తుగా ఓడిపోతే?"

"'గట్టి పోటీ ఇచ్చారు.'"

"అసలు మ్యాచ్‌కే వెళ్లకపోతే?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "'క్రీడాస్ఫూర్తిని చాటారు' అని పెడదాం."

రెండో పాఠం పేజీ గురించి. పేజీ సాయంత్రం మూసేస్తారు. ఫైనల్ మ్యాచ్ ఎప్పుడూ సాయంత్రమే మొదలవుతుంది, ఎందుకంటే ముఖ్య అతిథి ఉపన్యాసం ఎప్పుడు ముగుస్తుందో ముఖ్య అతిథికి కూడా తెలియదు. అందుకని గెలిచినట్టు పొద్దున్నే రాసి పంపించాలి. గెలిస్తే అదే వస్తుంది. ఓడితే నేను ఫోను చేయాలి, ఆయన "ఘన విజయం" తీసి "ప్రతిభ" పెడతాడు. ఫైనల్ కాని మ్యాచ్‌లు ఎవరూ వేయరు కాబట్టి వాటికి రాయనక్కర్లేదు.

మూడో పాఠం వరస క్రమం. మొదటి పేరాలో ముఖ్య అతిథి, కరస్పాండెంట్, ప్రిన్సిపాల్, సత్కారం చేసినవారు, సత్కారం అందుకున్నవారు, దండలు మోసినవారు. ఆడిన పిల్లల పేర్లు చివరి వాక్యంలో. పేజీలో చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు. పేజీలో చోటు ఎప్పుడూ చాలదు. కాబట్టి మా అమ్మాయిలు కోర్టులో అవుట్ కాకపోయినా పేపర్లో అవుట్.

దీని మీద నన్ను నిలదీసింది మా జట్టు కెప్టెన్. చందర్లపాడు దగ్గర పల్లె. నాన్న కౌలుకి మిరప వేస్తాడు, అమ్మ కూలికి వెళుతుంది. అమ్మాయి ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు అదే ఊపిరితో కూతకి వెళుతుంది. ఈ రాతలో నేను ఎవరి పేరూ రాయడం లేదు. ఆ అమ్మాయి పేరు ఒకసారి అచ్చులో పడి ఎంత గొడవ చేసిందో చదివాక మీరే సరే అంటారు.

"మేడం, ఫోటోలో నేనేదీ?" అంది ఒకరోజు పేపరు పట్టుకొచ్చి.

వెతికాం. కరస్పాండెంట్ గారి భుజం వెనక ఒక చెవి కనిపించింది.

"ఇది నువ్వేనా?"

"కాదు మేడం. అది గోల్‌కీపరుది. హాకీ వాళ్లది కూడా ఇదే ఫోటోలో తీసారుగా."

ఆ అమ్మాయికి అది చివరి సంవత్సరం. యూనివర్సిటీ జట్టులోకి ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ విద్య చదివే బీపీఈడీ సీటుకి దారి దొరుకుతుంది, ఆ తర్వాత పీఈటీ ఉద్యోగానికి. ఎంపిక కాకపోతే నందిగామలో బట్టల షాపులో చేరడానికి ఇంట్లో మాట్లాడేశారు. షాపువాళ్లు యూనిఫాం చీర కూడా ఇచ్చారు. ఆ చీర మడత పెట్టి పెట్టె మీద ఉందని, రోజూ లేవగానే అదే కనబడుతుందని చెప్పేది. యూనివర్సిటీ సెలెక్టర్ ఫైనల్ మ్యాచ్‌కే వస్తారు. ఫైనల్‌లో ఆడి మెప్పించాలి. ఆ అమ్మాయికి కావలసింది అంతే.

దానికి అడ్డం ఏమిటో తెలుసా? నేను.

వరసగా కొన్ని ఫైనల్స్‌కి నేను "ఘన విజయం" రాసి పంపాను. అన్నిట్లోనూ మావాళ్లు ప్రతిభ కనబరిచారు. దాంతో మా ఫిజికల్ డైరెక్టర్‌కి, అందరూ పీడీ సారు అంటారు, జ్ఞానోదయమైంది. ఆయన మంచి కోచ్. ఎవరి మోకాలు ఎటు వంగుతుందో నడక చూసి చెప్పేస్తాడు. కాకపోతే ఆయన గదిలో మ్యాచ్‌ల షెడ్యూలు పక్కనే పెద్ద గోడ క్యాలెండరు వేలాడుతుంది. రెండింట్లో బాగా నలిగింది క్యాలెండరే.

"మేడం గారూ, తప్పుగా అనుకోకండి. మీరు రాయకపోతే మంచిదండి."

"ఎందుకని?"

"పిల్లలు అనుకుంటన్నారు. మీది కొంచెం..." ఆయన నా కాళ్ల వైపు చూశాడు. "ఐరన్ లెగ్ అని."

ఐరన్ లెగ్! రెండు ఇంగ్లీషు ముక్కలు అతికించి మనం సొంతంగా తయారు చేసుకున్న తిట్టు. ఆ మనిషి అడుగుపెడితే పని చెడుతుందట. జీవితమంతా శకునాల మీద కత్తి కట్టిన నేను, చివరికి నేనే ఒక శకునమైపోయాను. మా జట్టులో మూడు మతాల పిల్లలున్నారు. దేవుడి విషయంలో ఎవరి దారి వారిది. నా కాలి విషయంలో మాత్రం ఏకాభిప్రాయం. నేను వరండాలో వస్తుంటే అమ్మాయిలు షూ లేసులు కట్టుకునే వంకతో వంగి నాకు ఎదురు రాకుండా తప్పుకునేవారు. చెప్పులు వేసుకున్నవాళ్లు కూడా లేసులు కట్టుకునేవారు.

నేను ఊరుకుంటానా? "రాయను. కానీ జట్టుతో వచ్చి కళ్లారా చూస్తాను" అన్నాను.

మైలవరంలో ఏదో ఆహ్వాన టోర్నమెంటు ఫైనల్. మ్యాచ్ సాయంత్రం. కాలేజీ వ్యాను కోడి కూసే వేళకే బయల్దేరింది.

"ఇంత పొద్దున్నే ఎందుకండీ?" అడిగాను.

"పొద్దుటే వర్జ్యం వస్తందండి. అది తగలకముందే ఊరు దాటెయ్యాలి. మామూలు మ్యాచ్‌లకైతే చూడను. ఫైనల్ కదా!"

పంచాంగంలో ఫలానా గడియలు మంచివి కావు, వాటిలో పని మొదలుపెట్టకూడదు, అదే వర్జ్యం. దాన్ని తప్పించుకుని మేము ఎండ ఎక్కకముందే మైలవరం చేరాం. గేటు తీసేవాడు కూడా రాలేదు. తర్వాత సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. కూర్చున్నాం. ఎండ వచ్చింది. మెట్లు కాలాయి. చున్నీలు నెత్తిన వేసుకున్నాం. మజ్జిగ ప్యాకెట్లు అయిపోయాయి. మధ్యాహ్నానికి ఒకమ్మాయి మెట్టు మీదే నిద్రపోయి కింది మెట్టు మీద లేచింది. నాకు మెదడు కరిగి చెప్పుల్లోకి జారినట్టుంది. మైలవరం జట్టు మాత్రం ఇంట్లో భోంచేసి, కాసేపు పడుకుని, ముఖం కడుక్కుని, పౌడరు కూడా రాసుకుని వచ్చింది.

మావాళ్లు ప్రతిభ కనబరిచారు.

"చూసారా? ఈసారి నేను రాయలేదు" అన్నాను పీడీ సారుతో, విజయగర్వంతో.

ఆయన ఏమాత్రం తొణకలేదు. "మనసులో అనుకున్నారా లేదా, మనవాళ్లు గెలుస్తారని? నిజం చెప్పండి మేడం గారూ."

"అనుకున్నాను."

"అదీ!"

దీనికి జవాబు చెప్పగలిగిన తార్కికుడు భూమ్మీద ఉంటే నాకు ఉత్తరం రాయండి.

తిరుగు ప్రయాణంలో లెక్క తేలింది. నందిగామలోనే జరిగే మ్యాచ్‌లకి వ్యాను లేదు, వర్జ్యం లేదు. పిల్లలు తిని, పడుకుని, నడిచొచ్చి గెలుస్తున్నారు. వాటికి నేను రాయడమూ లేదు. బయటి ఊళ్లో ఫైనల్ అయితే పీడీ సారు క్యాలెండరు చూస్తాడు, పొద్దున్నించి ఎండలో వేపుతాడు. సరిగ్గా అప్పుడే నేనూ "ఘన విజయం" రాస్తాను. ఎండ, నేను ఎప్పుడూ జంటగానే వెళ్లాం. వాళ్లు ఎండని వదిలేసి నన్ను పట్టుకున్నారు. ఎండకి కాళ్లుండవు కదా, ఐరన్ లెగ్ అనడానికి!

ఇది పీడీ సారుకి బోర్డు మీద గీసి మరీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఎండ అందరికీ ఒకటేనండి" అన్నాడు. బోర్డు తుడిచేశాను.

అంతలో అసలు ఫైనల్ వచ్చింది. యూనివర్సిటీ పరిధిలో కాలేజీల మధ్య పోటీ. ముందు రౌండ్లు నందిగామలోనే జరిగాయి కనక మావాళ్లు సునాయాసంగా ఫైనల్ చేరారు. ఫైనల్ జగ్గయ్యపేటలో. ప్రత్యర్థి మళ్లీ మైలవరం జట్టే. సెలెక్టర్ వస్తున్నారు. నందిగామ నుంచి జగ్గయ్యపేట గంట ప్రయాణం కూడా కాదు, మ్యాచ్ సాయంత్రం. భోంచేసి బయల్దేరితే సరిపోతుంది. పీడీ సారు క్యాలెండరు చూశాడు. ఆరోజు సరిగ్గా భోంచేసి బయల్దేరే వేళకే వర్జ్యం.

"పొద్దున్నే వెళ్లిపోదాం" అన్నాడు.

"మళ్లీ మెట్లా!" అని నేను అరిచాను. స్టాఫ్ రూములో ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. అప్పుడు కెప్టెన్ లోపలికి వచ్చింది. లేసులు కట్టుకోకుండా తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"మేడం, మీరు రాయండి."

నా గుండె పొంగింది. "శభాష్ అమ్మా! గెలిచారని రాస్తాను."

"అది కాదు మేడం. మైలవరం వాళ్లు గెలిచారని రాయండి."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పిల్లలంతా కలిసి ఆలోచించారట. మేడం రాస్తే ఓడిపోవడం ఖాయమైతే, ఆ రాతేదో అవతలివాళ్ల మీద పెట్టొచ్చు కదా అని!

"ఛీ! నేను రాయను. ఇది మూఢత్వం" అన్నాను.

"మీకు నమ్మకం లేదు కదా మేడం?"

"లేదు."

"మీరు రాసినా ఏం కాదు కదా?"

"కాదు."

"మరి రాస్తే మీకేం పోయిద్ది?"

నోరు తెరిచాను. వేదికల మీద పెద్దపెద్ద స్వాములతో వాదించినదాన్ని. మూసుకున్నాను. మళ్లీ తెరిచాను.

"అబద్ధం రాయడం నా వల్ల కాదు."

"ఇన్నాళ్లూ మేం ఆడకముందే గెలిచామని రాసారుగా. అది నిజమా మేడం?"

పీడీ సారు గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తూ నవ్వుకున్నాడు. నేను లొంగిపోలేదు, బేరం పెట్టాను. "రాస్తాను. కానీ వ్యాను మధ్యాహ్నం భోజనాలయ్యాకే బయల్దేరాలి. వర్జ్యంలోనే."

పీడీ సారు నవ్వు ఆగిపోయింది. కెప్టెన్ ఆయన వైపు తిరిగింది.

"సార్, మేడం ఐరన్ లెగ్ పెద్దదా, వర్జ్యం పెద్దదా?"

ఆయన క్యాలెండరు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఒకసారి కిందికి నా పాదాల వైపు కూడా చూశాడు. "మేడం గారిదే పెద్దదమ్మా" అన్నాడు చివరికి, భక్తిగా.

"అది మైలవరం మీద పెట్టినాక వర్జ్యం మనల్నేం చేసిద్ది సార్?"

ఆయన డ్రైవరుకి ఫోను చేసి వ్యాను మధ్యాహ్నం తెమ్మన్నాడు. అలా ఒక మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకంతో కొట్టి, మధ్యలో అన్నం తినడానికి, పడుకోవడానికి కాస్త తీరిక సంపాదించింది ఆ పిల్ల. సంస్కరణోద్యమాల చరిత్ర పాఠం చెప్పే నాకు ఆ ఎత్తు తట్టలేదు.

ఫైనల్ రోజు పొద్దున రాశాను. "మైలవరం ఘన విజయం." అవతలి కాలేజీ విజయం కాబట్టి మా కరస్పాండెంట్ గారు అక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారు అక్కర్లేదు, దండలు మోసినవాళ్లు అక్కర్లేదు. మొట్టమొదటిసారి పైన ఖాళీ దొరికింది. అబద్ధం రాస్తున్నప్పుడైనా ఒక నిజం ఇరికిద్దామని, మొదటి వాక్యంలోనే మా కెప్టెన్ పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా రాసి "ఒంటిచేత్తో పోరాడినా" అని పెట్టాను.

"పంపండి మేడం" అన్నారు పిల్లలు, నా చుట్టూ మూగి.

"పంపడం దేనికి? రాశానుగా."

"అప్పుడూ పంపారుగా. పంపకపోతే పనిచెయ్యదు."

విలేకరికి పంపాను, కింద "నేను ఫోను చేసేదాకా వాడకండి" అని చేర్చి. వెంటనే పీడీ సారు నా ఫోను తీసుకుని, సైలెంటులో పెట్టి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదండి. ఎఫెక్ట్ పోద్ది." రుమాలు ఎందుకంత ఉబ్బెత్తుగా ఉందని అడిగితే, నిమ్మకాయ కూడా పెట్టానన్నాడు.

పిల్లలు భోంచేశారు. పడుకున్నారు. నడివర్జ్యంలో వ్యాను కదిలింది. పీడీ సారు కళ్లు మూసుకుని కూర్చున్నాడు, చిల్లకల్లు దాటాక ఒక కన్ను తెరిచాడు.

జగ్గయ్యపేట గ్రౌండులో ముఖ్య అతిథి కబడ్డీ గొప్పతనం గురించి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. అంతసేపూ మావాళ్లు చెట్టు కింద ఒళ్లు వేడెక్కేలా కసరత్తు చేసుకున్నారు. ఆట మొదలయ్యాక నేను చూసింది తక్కువ, అరిచింది ఎక్కువ. కూతకి వెళ్లిన ప్రతిసారీ మా కెప్టెన్ గొంతు చర్చిలో పాటలా సాగేది, తెగేది కాదు. చివర్లో అటు నలుగురు పట్టుకున్నారు. ఆ నలుగుర్నీ ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చి చెయ్యి చాపింది. వేలి కొస గీత మీద పడింది. అయిపోయింది. గెలిచారు.

ట్రాక్‌సూట్ వేసుకున్న సెలెక్టర్ గారు మా దగ్గరికి నడిచొచ్చి, "ఎవరండీ ఆ అమ్మాయి? ఊపిరి బలే ఉంది" అన్నారు. ఆ సాయంత్రమే యూనివర్సిటీ జట్టు పేర్లు చదివారు. కెప్టెన్ తన పేరు వినగానే నా భుజం పట్టుకుని, "మేడం, చీర ఇచ్చేస్తా" అంది. షాపు చీర.

పిల్లలు నన్ను పైకెత్తారు. ఐరన్ అన్నది బరువు విషయంలో నిజమేనని అప్పుడు ఒప్పుకున్నారు. ఆ గోలలో ఫోను ఎవరికీ గుర్తు రాలేదు. అది పీడీ సారు జేబులో, రుమాల్లో, నిమ్మకాయ పక్కన, చప్పుడు చేయకుండా మోగుతూనే ఉంది.

మర్నాడు పేపర్లో: మైలవరం ఘన విజయం.

నేను విలేకరి మీద విరుచుకుపడ్డాను. "వాడొద్దన్నాను కదండీ!"

"ఎన్నిసార్లు ఫోను చేసానో చూసుకోండి మేడం. ఎత్తలేదు. పేజీ మూసేస్తన్నారు. చేతిలో ఉన్నది అదొక్కటే. అయినా మేడం, మా కాలేజీ ఓడిపోయిందని కాలేజీ వాళ్లే రాసి పంపితే, అంతకన్నా నమ్మదగ్గ వార్త నా సర్వీసులో చూళ్లేదండి. అందుకే పైన బాక్సు కట్టించా."

కరస్పాండెంట్ గారు పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్లాను. "ఓడిపోయిన వార్తలో నా ఫోటో వేయకుండా జాగ్రత్తపడ్డారు, మంచి పని చేసారు" అన్నారు. గెలిచామని చెబితే, "మరి అప్పుడు నా ఫోటో ఏదండీ?" అన్నారు.

మరుసటి రోజు కింద మూలన రెండు లైన్ల సవరణ వచ్చింది. కెప్టెన్ వాళ్ల నాన్న మాత్రం తప్పుడు వార్తనే కత్తిరించి, అట్టకి అంటించి గుమ్మం పక్కన తగిలించాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడు అది చూసి నేను గతుక్కుమన్నాను.

"అందులో మీ అమ్మాయి ఓడిపోయిందని ఉందండీ!"

"ఉంటే ఉండనియ్యండి మేడం గారూ. పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ రెండో దాంట్లో భూతద్దం పెట్టినా కనపళ్లేదు."

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మా మెట్ట ప్రాంతంలో వార్త కన్నా వదంతికి బండ్లు ఎక్కువ. నేను ఎవరు గెలిచారని రాస్తే వాళ్లు ఓడిపోతారని పీడీ సారు ప్రచారం చేశాడు. ఫోన్లు మొదలయ్యాయి. చందర్లపాడు నుంచి క్రికెట్ కుర్రాళ్లు: "మేడం, మా ఎదర టీం గెలిచినట్టు రెండు ముక్కలు రాసెయ్యండి." వేదాద్రి వైపు నుంచి బండలాగుడు పోటీల ఆసామి: "అమ్మా, అవతలి ఎడ్ల జత ఫస్టొచ్చిందని రాయి తల్లీ, నీ పేరు చెప్పుకుంటాం." నా క్లాసులోనే ఒక వెధవాయి: "మేడం, నేను ఫెయిలైనట్టు రాయరా, ప్లీజ్." వాడికి మాత్రం రాశాను, మార్కుల లిస్టులో.

ఎవరు ఫోను చేసినా పీడీ సారే మధ్యలో, "మేడం గారు బిజీ అండి, నేను చెప్పి రాయిస్తా" అనేవాడు. నాకు తెలియకుండా నేనొక మహిమ గల మనిషినైపోయాను. నిన్నటిదాకా నన్ను చూసి తప్పుకున్నవాళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ వస్తున్నారు. నాకైతే రెండింట్లో తేడా కనబడలేదు. తిట్టినా మొక్కినా వాళ్లు చూసింది నన్ను కాదు, నా కాలిని.

ఇది నా విషయంలో నవ్వుకోవడానికి బాగానే ఉంది. నాకు జీతముంది, నోరుంది. కానీ ఎవరో ప్రయాణమవుతుంటే తలుపు వెనక దాక్కోవలసిన విధవరాలికి నోరెవరిచ్చారు? ఇంటికొచ్చిన ఏడాదే గేదె చచ్చిందని జీవితాంతం మాట పడే కోడలికి జావెలిన్ ఉన్న గదైనా ఉందా? ఆ ఆడవాళ్లు దేన్నీ ఓడించలేదు. ఓడిపోయినవాళ్లకి ఒక మనిషి కావాలి, అంతే. ఎండని తిడితే తృప్తి ఉండదు.

యూనివర్సిటీ జట్టుతో వేరే రాష్ట్రానికి వెళ్లేముందు కెప్టెన్ వచ్చింది. మొహమాటపడుతూ నిలబడింది. నాకు తెలుసు ఎందుకొచ్చిందో.

"రాయను" అన్నాను.

"మేడం..."

"వినవే తల్లీ. పోయినసారి రెండూ ఒకేసారి మార్చాం. ఎండ తప్పించాం, రాత తిప్పేశాం. ఏది పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది? సార్ నా కాలు అంటారు, నేను నిద్ర అంటాను. ఇప్పుడు ఒక్కటే మారుద్దాం. నువ్వు బాగా తిని పడుకుని ఆడు. నేను మాత్రం మీరు గెలిచారని రాసి, నీ ముందే చదువుతాను. గెలిస్తే నా కాలి పీడ విరగడవుతుంది."

"ఓడితే?"

నేను ఫోనులో ఏదో వెతుకుతున్నట్టు చూశాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "సరే రాయండి మేడం. గెలిస్తే సైన్సు. ఓడితే మీరు."

రాశాను. ఆమె పేరుతో మొదలుపెట్టి, ఘన విజయమని, బిగ్గరగా చదివాను. ఆమె శ్రద్ధగా విని, "మేడం, ఇందులో నా ఇంటిపేరు తప్పు రాసారు" అని దిద్ది వెళ్లింది.

వాళ్లు సెమీఫైనల్ దాకా వెళ్లారు. సాయంత్రం ఫోను మోగింది. పీడీ సారు నా ఎదురుగానే కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. స్పీకరు పెట్టాను.

"మేడం, ఓడిపోయాం."

పీడీ సారు నా కాళ్ల వైపు చూశాడు. నేను కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను. "అయ్యో" అన్నాను.

"మీ వల్లేం కాదులెండి మేడం. వాళ్లు బాగా ఆడారు. వాళ్ల కార్నర్‌లో నిలబడి పట్టే అమ్మాయి ఉంది చూసారూ, ఆ పట్టు నేనెప్పుడూ చూళ్లేదు. వచ్చాక నేర్చుకోవాలి. సారుకి చెప్పండి."

పీడీ సారు కుర్చీలో వెనక్కి వాలాడు. మళ్లీ ఫోను వైపు వంగి, "ఏ కాలు పట్టిందమ్మా? చీలమండా, మోకాలా?" అని అడిగాడు. అప్పటినుంచి ఇద్దరూ ఆ పట్టు గురించే మాట్లాడుకున్నారు. క్యాలెండరు గోడ మీద ఊగుతూ ఉంది, ఎవరూ చూడలేదు.

నేను వార్త రాసి విలేకరికి పంపాను. ఆయన వెంటనే ఫోను చేశాడు.

"మేడం, మళ్లీ 'ఓడిపోయారు' అని రాసారు. 'ప్రతిభ కనబరిచారు' అని మార్చనా?"

"వద్దండి. ఓడిపోయారు. ప్రత్యర్థులు ఇంకా బాగా ఆడారు. అలాగే వేయండి."

"ఎవరైనా చదువుతారంటారా?"

"మీరు వేయండి, నేను చదివిస్తాను."

వేశాడు. ఇదిగో, మీతో చదివిస్తున్నాను. ఇక మీ వంతు. మీ పిల్లాడి ర్యాంకు తగ్గినప్పుడు, మీ పార్టీ ఓడినప్పుడు, మీ పొలం కన్నా పక్క పొలం ఎక్కువ పండినప్పుడు, ఎవరు ఎదురొచ్చారో వెతక్కండి. నోరు తెరిచి, ఇంట్లో అందరికీ వినబడేలా, "వాళ్లు బాగా ఆడారు" అనండి. అలవాటు లేక గొంతు పట్టేస్తుంది, అందుకే ఇప్పుడే ఒకసారి అని చూడండి. అన్నారా? ఇప్పుడు లేచి గోడ మీది క్యాలెండరులో వర్జ్యం ఎప్పుడో చూసి, సరిగ్గా ఆ వేళకే గడప దాటండి. మధ్యాహ్నమైతే మాత్రం గొడుగు పట్టుకెళ్లండి.